సొంత రక్తం నుంచి తీసిన పదార్థం పూస్తే మలాశయపు అతుకు లీకు కాకుండా ఉంటుందా?

పలమనేరు నుంచి ఒక అబ్బాయి అడిగిన ప్రశ్న ఇది. అరవై రెండేళ్ల తండ్రికి మలద్వారానికి ఆరు సెంటీమీటర్ల పైన, మలాశయంలో క్యాన్సర్ గడ్డ ఉన్నట్లు తేలింది. తిరుపతిలో కరెంటు (రేడియేషన్) పెట్టించడం, దానితోపాటు కీమో మాత్రలు పూర్తయ్యాయి. ఆపరేషన్‌కు ఇంకా ఏడెనిమిది వారాల గడువుంది. గడ్డను తీశాక పేగును మళ్లీ కలుపుతామని, ఆ అతుకు మానేదాకా పొట్ట మీద తాత్కాలికంగా, మలం బయటికి పోయే సంచి పెట్టవలసి వస్తుందని డాక్టర్లు చెప్పారు. ఇంతలో, మోకాలికి పీఆర్‌పీ (సొంత రక్తంలోని ప్లేట్‌లెట్లను చిక్కబరచిన ప్లాస్మా) సూది వేయించుకున్న బంధువు ఒకాయన, రోగి సొంత రక్తం నుంచే తీసిన పదార్థాన్ని అతుకుకు పూస్తే లీకు రాదని, అప్పుడు సంచి కూడా అక్కరలేదని, బెంగళూరులో అలా చేస్తున్నారని చెప్పారట. ఇది నిజమేనా, మా డాక్టరుగారిని అడగవచ్చునా, అవసరమైతే ఊరు మారాలా అన్నది ఆ అబ్బాయి సందేహం.

ముందు జవాబు చెప్పి, తరువాత కారణాలు వివరిస్తాను. రోగి రక్తం నుంచి తయారుచేసే ప్లేట్‌లెట్ల పదార్థాలు పేగు అతుకు మానడానికి కొంత తోడ్పడవచ్చుననడానికి ప్రయోగశాలల్లోను, జంతువుల్లోను ఆధారాలున్నాయి. అవి లీకును ఆపుతాయని మనుషుల్లో మాత్రం ఇంతవరకు నమ్మదగిన రుజువు లేదు. కాబట్టి మీ సర్జన్ తనంతట తాను వాడతానంటే కాదనవలసిన పని లేదు గానీ, దాన్ని నమ్ముకుని సంచి వద్దనడం తగదు. మీ నాన్నగారికి లీకు ప్రమాదాన్ని తగ్గించే అవకాశం ఆపరేషన్ రోజున పూసే పదార్థంలో కంటే, ఇప్పుడు మీ చేతిలో ఉన్న ఈ ఏడెనిమిది వారాల్లోనే ఎక్కువగా ఉంది.

మలాశయం కింది భాగంలో వేసే అతుకు సర్జన్లను ఎందుకింత భయపెడుతుందో తెలిస్తే మిగతా విషయం సులువుగా అర్థమవుతుంది. చిన్నపేగును కోసి కలిపినప్పుడు లీకు అరుదు. మలాశయం కింది భాగంలో అయితే, మంచి పేరున్న ఆసుపత్రుల లెక్కల్లో కూడా అది పదిమందిలో ఒకరి దగ్గర తిరుగుతూ ఉంటుంది. కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువ. దీనికి కారణం చేతి నైపుణ్యం ఒక్కటే కాదు. పైనుంచి కిందికి దింపిన పెద్దపేగుకు రక్తం తెచ్చే ప్రధాన ధమనిని క్యాన్సర్ ఆపరేషన్ నియమం ప్రకారం మొదట్లోనే కట్టివేస్తారు. అప్పటినుంచి ఆ పేగు చివర, తన అంచు వెంట నడిచే సన్నటి రక్తనాళం మీద ఆధారపడి బతకాలి. కింద మిగిలిన మలాశయపు ముక్క రేడియేషన్ తిన్న కణజాలం. దానిలోని చిన్న నాళాలు అప్పటికే దెబ్బతిని ఉంటాయి. పొట్టలోని పేగును కప్పి ఉండే పలుచని బయటి పొర మలాశయపు కింది భాగానికి ఉండదు. మగవారి కటి ఎముకల గూడు ఇరుకు కాబట్టి, ప్రోస్టేట్ గ్రంథి వెనుక ఆ లోతులో మలాశయాన్ని అడ్డంగా కోయడానికి, పిన్నులు వేసే పరికరమైన స్టేప్లర్‌ను ఒకసారికి బదులు రెండు మూడుసార్లు నొక్కవలసి వస్తుంది. ఆ కోతలు ఒకదానినొకటి దాటే మూలలు బలహీనమైన చోట్లు. వీటన్నిటికీ తోడు అతుకు గుండా రోజూ నడిచేది మలం.

చిత్తూరు జిల్లా నర్సరీల్లో మామిడి అంటు కట్టడం చూసినవారికి ఈ సంగతి కొత్తగా అనిపించదు. తెచ్చిన కొమ్మలో పసరుండాలి, మొక్క మొదలు బతికి ఉండాలి, రెండు కోతలూ లాగుడు లేకుండా ఒకదానికొకటి ఆనాలి. పైన చుట్టే పాలిథిన్ పట్టీ అంటును కాపాడుతుందే గానీ ఎండిన పుల్లను చిగురింపజేయలేదు. పేగు అతుకుకు బయటినుంచి పూసే ఏ పదార్థానికైనా ఈ హద్దు ఉంటుంది.

అతుకు మానే క్రమం గురించి కూడా కొంచెం చెప్పాలి. పేగు గోడలో కుట్టును పట్టి నిలిపేది లోపలి పొర కింద ఉండే సబ్‌మ్యూకోసా అని అమెరికన్ సర్జన్ విలియం హాల్‌స్టెడ్ 1887లోనే చూపించారు. ఆ పొరకు బలం ఇచ్చేది కొల్లాజెన్ అనే పీచు. ఆపరేషన్ అయిన మొదటి మూడు నాలుగు రోజుల్లో అతుకు అంచుల్లో కొత్త కొల్లాజెన్ పుట్టడం కంటే పాతది కరగడం ఎక్కువగా జరుగుతుంది. ఆ రోజుల్లో పేగును పట్టి ఉంచేది టైటానియం పిన్నులే తప్ప కణజాలం కాదు. కొత్త పీచు పేరుకునేది ఆ తరువాతే. అందుకే చాలా లీకులు ఐదో రోజుకూ ఎనిమిదో రోజుకూ మధ్య బయటపడతాయి. ఈ కరిగే పనిలో సూక్ష్మక్రిములకు కూడా వాటా ఉందని చికాగో విశ్వవిద్యాలయంలో జాన్ ఆల్వర్డీ బృందం చేసిన పరిశోధనలు తెలిపాయి. మన పేగులోనే ఉండే ఎంటెరోకాకస్ ఫీకాలిస్ అనే బాక్టీరియా కొల్లాజెన్‌ను తాను కరిగించడమే కాక, ఆ పని చేసే మన శరీరపు ఎంజైమును కూడా రెచ్చగొడుతుందని 2015లో వారు ఎలుకల్లో చూపించారు. అంటే, అతుకు చక్కగా వేసినా, రక్తం బాగా అందుతున్నా, క్రిముల వల్ల అది వీగిపోయే దారి ఒకటి మిగిలే ఉంది.

ఇక మీ బంధువు చెప్పిన పదార్థం సంగతి. డెంగీ పుణ్యమా అని ప్లేట్‌లెట్ల కౌంటు గురించి తెలియని ఇల్లు ఇప్పుడు మన వైపు లేదు. అవి రక్తస్రావాన్ని ఆపడంతో తమ పని ముగించవు. వాటి లోపలి సన్నటి రేణువుల్లో గాయం మానడాన్ని మొదలుపెట్టే ప్రోటీన్లు నిల్వ ఉంటాయి. కొత్త రక్తనాళాలను మొలిపించేవి కొన్ని, పీచు నేసే కణాలను పిలిచేవి మరికొన్ని. ఆ ప్లేట్‌లెట్లను గాయం దగ్గర మామూలు కంటే చిక్కగా ఉంచితే గాయం త్వరగా మానుతుందన్నది దీని వెనుక ఉన్న ఆలోచన.

తయారీ ఇలా ఉంటుంది. గడ్డకట్టకుండా సిట్రేట్ కలిపిన గొట్టంలోకి రక్తం తీసి సెంట్రిఫ్యూజ్‌లో మొదట నెమ్మదిగా తిప్పుతారు. గొట్టాన్ని వెలుతురుకు పట్టి చూస్తే అడుగున ముదురు ఎర్రటి కణాలు, పైన లేత గడ్డిరంగు ప్లాస్మా, రెండింటి నడుమ వేలిగోరు మందం కూడా లేని తెల్లటి పొర కనిపిస్తాయి. ఎర్రకణాలను వదిలి పైభాగాన్ని ఇంకొక గొట్టంలోకి తీసి ఈసారి వేగంగా తిప్పితే ప్లేట్‌లెట్లు అడుగున చేరతాయి. పైన తేరిన ప్లాస్మాలో చాలాభాగం తీసివేసి మిగిలినదాన్ని కలిపితే అదే పీఆర్‌పీ. మామూలు రక్తంలో మైక్రోలీటరుకు లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉండే ప్లేట్‌లెట్లు దీనిలో పది లక్షల చుట్టుపక్కల ఉండాలని ఒక వాడుక ప్రమాణం ఉంది. పూసే ముందు కాల్షియం క్లోరైడు, కొన్నిసార్లు త్రాంబిన్ (రక్తాన్ని గడ్డకట్టించే ఎంజైము) కలిపితే అది జిగురుగా గట్టిపడుతుంది.

రెండో రకం పీఆర్‌ఎఫ్, అంటే ప్లేట్‌లెట్లు దండిగా ఉన్న ఫైబ్రిన్. 2001లో ఫ్రాన్స్‌లో జోసెఫ్ షుక్రూన్ వివరించిన పద్ధతి ఇది. దీనిలో గడ్డకట్టకుండా చేసే మందు కలపరు; రక్తం తీసిన వెంటనే తిప్పితే ప్లేట్‌లెట్లనూ తెల్లకణాలనూ పట్టి ఉంచుకున్న ఫైబ్రిన్ (రక్తం గడ్డకట్టినప్పుడు ఏర్పడే పీచు) ముద్ద ఏర్పడుతుంది. తిరుపతిలో దంతవైద్యులు పన్ను తీసిన గుంటలో పెట్టేది సాధారణంగా ఇదే. మూడో రకాన్ని యంత్రమే తయారుచేస్తుంది. రోగి నుంచి సుమారు 120 మిల్లీలీటర్ల రక్తం తీసి పరికరంలో పెడితే, అరగంట లోపల కొన్ని మిల్లీలీటర్ల ఫైబ్రిన్ ద్రావణం, కావాలంటే ప్లేట్‌లెట్లతో సహా, చేతికి వస్తుంది. దాన్ని సన్నటి గొట్టంతో అతుకు మీద చిమ్ముతారు. కొందరు సర్జన్లు స్టేప్లర్‌ను బిగించే ముందే రెండు పేగు చివరల మధ్య కూడా చిమ్ముతున్నారు. అతుకు వేశాక దాని వెనుక గోడకు చేయి అందదు కాబట్టి ఇది తెలివైన ఏర్పాటే అని నా అభిప్రాయం.

ఈ మూడూ ఒకటి కావు. మీ బంధువు మోకాలిలో వేయించుకున్నది వేరు, పేగుకు పూసేది వేరు. ఒకదాని ఫలితాన్ని ఇంకొకదానికి ఆపాదించడం కుదరదు. దుకాణంలో దొరికే ఫైబ్రిన్ జిగురు ఇంకా వేరు. దాన్ని అనేకమంది దాతల ప్లాస్మా నుంచి తయారుచేస్తారు. సొంత రక్తంతో చేసినదానికి ఉన్న నిజమైన సౌలభ్యం, ఇతరుల రక్తం నుంచి వచ్చే జబ్బుల భయం లేకపోవడం. అయితే గట్టిపరచడానికి ఆవు నుంచి తీసిన త్రాంబిన్ వాడితే, దానికి వ్యతిరేకంగా శరీరంలో పుట్టే యాంటీబాడీలు రక్తం గడ్డకట్టడానికి అవసరమైన అయిదో కారకాన్ని దెబ్బతీసిన సందర్భాలు వైద్య సాహిత్యంలో ఉన్నాయి. సొంత రక్తమే కదా అని మొత్తం పదార్థాన్ని నిరపాయమని అనుకోకుండా, దానిలో ఇంకేం కలుపుతారో అడగడం మంచిది.

నాకున్న మొదటి సందేహం సమయానికి సంబంధించినది. పీఆర్‌పీని గట్టిపరిచిన గంటలోపే దానిలోని ప్రోటీన్లలో చాలాభాగం బయటకు వచ్చేస్తాయి. అతుకు బలహీనంగా ఉండేదేమో మూడో రోజు, నాలుగో రోజు. పీఆర్‌ఎఫ్ ముద్ద వాటిని వారం పైగా కొద్దికొద్దిగా విడుదల చేస్తుంది కాబట్టి ఈ పనికి అదే తగినదని నాకు అనిపిస్తుంది. దాని చిక్కు దానికీ ఉంది: తెల్లకణాలు కూడా ఎక్కువగా ఉంటాయి, తెల్లకణాల్లో కొల్లాజెన్‌ను కరిగించే ఎంజైములుంటాయి. ఇంకొక సంగతి, ఎంత చిక్కగా ఉంటే అంత మంచిదనుకోవడానికి లేదు. 2012లో జపాన్ పరిశోధకులు ఎలుకల పేగు అతుకుల మీద వేర్వేరు చిక్కదనాల పీఆర్‌పీ పూసి చూసినప్పుడు, తక్కువ చిక్కదనం మేలు చేసింది, మరీ చిక్కనిది మానడాన్ని అడ్డుకుంది.

ప్లేట్‌లెట్ల పదార్థాలతో మనుషుల గాయాలు మానవా అంటే, మానతాయి. మానని మధుమేహపు పాదపుండ్ల మీద రోగి రక్తం నుంచే తీసిన తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు, ఫైబ్రిన్ కలిసిన పొరను వాడి బ్రిటన్, డెన్మార్క్, స్వీడన్ దేశాల్లో చేసిన పరీక్ష 2018లో అచ్చయింది. ఇరవై వారాల్లో ఆ పొర వేసినవారిలో 34 శాతం మందికి, మామూలు చికిత్స అందుకున్నవారిలో 22 శాతం మందికి పుండు మానింది. ఇది చిన్న విషయం కాదు. కానీ ఆ పొరను వారం వారం మార్చి వేశారు. పేగు అతుకుకు మనకు దొరికేది ఒక్క అవకాశం. పొట్ట మూశాక మళ్లీ పూయలేం.

పేగు అతుకుల విషయంలో ఉన్న ఆధారాల్లో ఎక్కువ భాగం ఎలుకలు, కుందేళ్లు, పందుల మీద జరిగినవి. ఆరోగ్యంగా ఉన్న జంతువు పేగును కోసి కలిపి, పదార్థం పూసి, కొన్ని రోజుల తరువాత ఆ ముక్కలోకి గాలి గాని నీరు గాని ఎక్కించి ఎంత ఒత్తిడికి చిట్లుతుందో చూస్తారు. చాలా ప్రయోగాల్లో ఆ ఒత్తిడి పెరిగింది. అయితే ఎలుక పేగు అతుకు వేస్తే ఎలాగూ బాగానే మానుతుంది. అరవై ఏళ్లు దాటి, షుగరు ఉండి, బీడీలు తాగి, కరెంటు పెట్టించుకున్న మనిషి కటిగూడు అడుగున వేసిన అతుకు గురించి ఆ కొలత చెప్పేది కొంతే. మనుషుల్లో వచ్చినవి ఎక్కువగా చిన్న పరిశీలనలు, పోల్చడానికి రెండో గుంపు లేనివి, లేదా పాత రోగుల రికార్డులతో పోల్చినవి. వాటిలో లీకులు తక్కువగా కనిపించినా, సర్జన్ తేలికైన కేసులను ఎంచుకున్నాడా, సంచి ఎంతమందికి పెట్టాడు అన్నది తెలియకుండా ఆ అంకె మీద భారం వేయలేం.

రుజువు కావాలంటే ఎంతమంది కావాలో ఒక చిన్న లెక్క చూడండి. లీకు పది శాతం నుంచి ఐదు శాతానికి తగ్గుతుందని ఆశించి, ఆ తేడాను పట్టుకునే అవకాశం ఎనభై శాతం ఉండాలనుకుంటే ఒక్కొక్క గుంపులో 430 మందికి పైగా, అంటే మొత్తం తొమ్మిది వందల మంది దాకా రోగులు కావాలి. నలభై యాభై మందితో చేసిన అధ్యయనంలో ఒక్క లీకూ రాలేదన్నా అది మనకు చెప్పేది చాలా తక్కువ.

వినడానికి బాగున్న ఆలోచన పరీక్షలో నిలవకపోవడం ఈ రంగంలో కొత్త కాదు. నెదర్లాండ్స్‌లో, అతుకు లోపలి వైపున కరిగిపోయే పలుచని గొట్టపు తొడుగును స్టేప్లర్‌తోనే బిగించి, మలం అతుకును తాకకుండా చేసే పద్ధతి ఒకటి తెచ్చారు. అతుకుకు మలం తగలకపోతే లీకయినా నష్టం ఉండదన్న తర్కం ఎవరికైనా నచ్చేదే. 2017లో ఫలితాలు వచ్చేసరికి, మళ్లీ ఏదో ఒక చికిత్స చేయవలసి వచ్చిన లీకు తొడుగు వేసినవారిలో 10.4 శాతం, వేయనివారిలో 5 శాతం. పరీక్షను మధ్యలోనే ఆపేశారు. పచ్చరంగు మందు ఎక్కించి ప్రత్యేక కెమెరాతో పేగు చివరకు రక్తం అందుతోందో లేదో చూసే ఐసీజీ పద్ధతి కథ వేరుగా నడిచింది: అమెరికాలో జరిగిన ఒక పరీక్షలో లీకు 9 శాతం, 9.6 శాతంగా రెండు గుంపుల్లో దాదాపు సమానంగా ఉంటే, జపాన్‌లో ఎనిమిది వందల మందికి పైగా పాల్గొన్న పరీక్షలో అది 11.8 నుంచి 7.6 శాతానికి తగ్గింది. రక్తం సరిగా అందని చోట అతుకు వేయకుండా సర్జన్ పేగును ఇంకొంచెం పైకి కోసుకునే వీలు దానివల్ల కలుగుతుంది. నా వరకు, పైన పూసే పదార్థం కంటే ఈ పద్ధతి మీద నమ్మకం ఎక్కువ. ఎందుకంటే ఇది మూలకారణం వైపు చూస్తుంది.

క్యాన్సర్ రోగి కాబట్టి ఇంకొక మాట చెప్పాలి. రక్తనాళాలను మొలిపించే ప్రోటీన్లు గాయానికే కాదు, మిగిలిపోయిన క్యాన్సర్ కణాలకు కూడా ఆహారమవుతాయేమోనన్న సందేహం సిద్ధాంతపరంగా ఉంది. మోతాదు చిన్నది, ఒక్కసారి పూసేది, కాబట్టి నేను దీన్ని పెద్ద భయంగా చూడను. అయినా, రోగులను ఏళ్ల తరబడి గమనించిన తరువాతే ఆ సందేహం తీరుతుంది. కీమో వల్ల మీ నాన్నగారి ప్లేట్‌లెట్లు తగ్గి ఉంటే తయారయ్యే పదార్థం కూడా పలుచగానే ఉంటుందని, గుండె కోసం ఆస్పిరిన్ వాడుతుంటే ప్లేట్‌లెట్ల పనితీరు మారుతుందని కూడా గుర్తుంచుకోండి.

సంచి విషయానికి వస్తాను, ఎందుకంటే మీ కుటుంబానికి అసలు బాధ అదేనని ప్రశ్నలోనే తెలుస్తోంది. స్వీడన్‌లో 234 మంది మీద జరిగి 2007లో వెలువడిన పరీక్షలో, మలాశయం కింది భాగంలో అతుకు వేశాక తాత్కాలిక సంచి పెట్టినవారిలో లక్షణాలతో బయటపడిన లీకు 10.3 శాతం, పెట్టనివారిలో 28 శాతం. ఇంత తేడా ఇంతవరకు ఏ జిగురూ చూపలేదు. సంచి వల్ల అతుకు మానడం పెద్దగా మారకపోవచ్చు. కానీ లీకు వస్తే అది ప్రాణం మీదికి రాకుండా, మళ్లీ పొట్ట తెరవవలసిన అవసరం తగ్గేలా చూస్తుంది. ఆరు సెంటీమీటర్ల ఎత్తున గడ్డ, రేడియేషన్, మగవారు, ఈ మూడూ ఒకచోట చేరినప్పుడు సంచి వద్దనే ధైర్యం నేను చేయను. అన్నీ సజావుగా ఉంటే అతుకు మానిందని ఎనిమిది, పన్నెండు వారాల మధ్య పరీక్షించి మూసివేస్తారు. మధ్యలో కీమో ఉంటే ఇంకా ఆలస్యం కావచ్చు. చిన్నపేగు సంచిలోకి నీళ్లు ఎక్కువగా పోతాయి కాబట్టి మన ఎండాకాలంలో జాగ్రత్త కావాలి. రోజుకు లీటరున్నర దాటి పోతుంటే ఉత్త మంచినీళ్లు ఎన్ని తాగినా చాలవు. ఓఆర్‌ఎస్, ఉప్పు వేసిన గంజి తాగిస్తూ డాక్టరుకు చెప్పాలి. దీన్ని పట్టించుకోక కిడ్నీలు దెబ్బతిని వచ్చేవారు మన వైపు తక్కువేమీ కాదు.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న వారాలు. రేడియేషన్ తరువాత ఆపరేషన్‌కు ఎలాగూ ఆగాలి. ఆ గడువును చాలా కుటుంబాలు ఊరికే ఎదురుచూడటంలో గడిపేస్తాయి. మీ నాన్నగారు బీడీగాని సిగరెట్‌గాని తాగేవారైతే, ఈ రోజే ఆపించండి. కనీసం నాలుగు వారాలు ఆపాలి; మద్యానికీ అదే మాట. గడ్డ నుంచి నెలల తరబడి రక్తం పోయి ఉంటుంది కాబట్టి హిమోగ్లోబిన్ చూపించండి. ఐరన్ తక్కువైతే మాత్రలకంటే నరం ద్వారా ఎక్కించే ఐరన్ ఈ గడువులో బాగా పనిచేస్తుంది. రక్తంలో ఆల్బుమిన్ 3.5 కంటే తక్కువుంటే అతుకుకు అది మంచి సూచన కాదు. క్యాన్సర్ వచ్చిందని గుడ్డు, మాంసం మాన్పించి జావ మీద ఉంచే అలవాటు మన ఇళ్లలో ఉంది. రాగిసంకటి పెట్టండి, కానీ దానితోపాటు రోజూ గుడ్లు, చికెన్, పప్పు, పెరుగు తప్పనిసరిగా ఉండాలి. శాకాహారులైతే ప్రోటీన్ పొడి గురించి ఆసుపత్రి డైటీషియన్‌ను అడగండి. షుగరు ఉంటే మూడు నెలల సరాసరి చూపే పరీక్ష ఇప్పుడే చేయించండి, ఆపరేషన్ ముందు రోజు కాదు. రోజూ అరగంట నడిపించండి.

ఆపరేషన్ ముందు రోజు చేసే ఒక పని గురించి ప్రత్యేకంగా అడగండి. విరేచనాల మందుతో పేగు శుభ్రం చేయడంతోపాటు నోటి ద్వారా యాంటీబయాటిక్ మాత్రలు, సాధారణంగా నియోమైసిన్, మెట్రోనిడజోల్, ఇస్తారా అని. మలాశయపు ఆపరేషన్ల మీద ఫిన్లాండ్‌లో జరిగి 2024లో వెలువడిన పరీక్షలో, పేగు శుభ్రం చేయడంతో సరిపెట్టినవారి కంటే మాత్రలు కూడా తీసుకున్నవారిలో లీకు సగానికి పైగా తగ్గింది. ఎంటెరోకాకస్ గురించి పైన చెప్పినది చదివితే ఎందుకో అర్థమవుతుంది. కొద్దిపాటి ఖర్చుతో అయ్యే ఈ పనిని వదిలేసి యంత్రంతో తీసిన ఫైబ్రిన్ కోసం వెతకడం నాకు వింతగా తోస్తుంది.

ఆపరేషన్ గదిలో లీకును ఆపేందుకు సర్జన్ చేసేది ఏమిటో కూడా తెలుసుకోండి. పేగు లాగుడు లేకుండా కిందికి చేరడానికి ఎడమ పక్కటెముకల కింద, ప్లీహం దగ్గర ఉన్న వంపును విడిపిస్తారు. స్టేప్లర్ బయటకు తీశాక దానిలో మిగిలిన రెండు పేగు ఉంగరాలు ఎక్కడా తెగకుండా పూర్తిగా ఉన్నాయా అని వేలి మీద పెట్టి తిప్పి చూస్తారు. తరువాత కటిగూడును సెలైన్‌తో నింపి, పైన పేగును నొక్కి పట్టి, మలద్వారం నుంచి గాలి ఎక్కిస్తారు. నీటిలో బుడగ ఒక్కటి వచ్చినా, అక్కడ కుట్టు వేయడమో, అతుకు మళ్లీ వేయడమో చేస్తారు. ఈ మెట్లన్నీ దాటిన అతుకుకు పైన ప్లేట్‌లెట్ల పదార్థం పూస్తే కొంత మేలు ఉండవచ్చు. ఈ మెట్ల దగ్గర ఆగిపోయిన అతుకును అది గట్టెక్కించలేదు.

ఆపరేషన్ తరువాత నాలుగో రోజుకు, ఒంట్లో వాపును చూపే సీఆర్‌పీ రక్తపరీక్ష సుమారు 150 లోపు ఉంటే లీకు ఉండే అవకాశం బాగా తక్కువ. గుండె వేగం తగ్గకపోవడం, జ్వరం, పొట్ట ఉబ్బరం, కారణం తెలియని నీరసం, ఇవి కనిపిస్తే సీటీ స్కాన్ తీస్తారు. ఇంటికి వచ్చాక రెండో వారంలో బయటపడే లీకులు కూడా ఉన్నాయి. పలమనేరులో రాత్రిపూట చలిజ్వరం వస్తే ఊళ్లో సూది వేయించి తెల్లవారాక చూద్దామనుకోకండి. ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి ఫోన్ చేసి అప్పుడే బయలుదేరండి.

చివరగా, ఊరు మారే సంగతి. ఈ పదార్థం ఒక్కదాని కోసం బెంగళూరుగాని చెన్నైగాని వెళ్లవలసిన అవసరం నాకు కనిపించడం లేదు. మలాశయపు క్యాన్సర్‌కు తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రి ఉంది. 2022లో అలిపిరి దగ్గర ప్రారంభమైన క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. చిత్తూరు వైపు వారికి వెల్లూరు సీఎంసీ ఎన్నో ఏళ్లుగా అలవాటైన చోటు. మలాశయపు ఆపరేషన్లు తరచుగా చేసే బృందం ఎక్కడ ఉంటే అక్కడ చేయించండి. ఎక్కడైనా ప్లేట్‌లెట్ల పదార్థం వాడతామంటే, అది పరిశోధనలో భాగమా, మామూలు చికిత్సగా ఇస్తున్నారా అని అడగండి. పరిశోధన అయితే నైతిక సంఘం అనుమతి, సీటీఆర్‌ఐలో (మన దేశపు వైద్య పరీక్షల రిజిస్ట్రీలో) నమోదు సంఖ్య, తెలుగులో రాసిన సమ్మతి పత్రం చూపించమనండి. పరిశోధనలో పరీక్షించే పదార్థానికి రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. అలాంటి మంచి పరీక్షలో చేరే అవకాశం దొరికితే చేరండి. సంచి పెట్టడం ఆ పరీక్షలో మానేస్తారా అన్నది మాత్రం సంతకానికి ముందే తెలుసుకోండి. మామూలు చికిత్సగా ప్యాకేజీలో కలిపి, దానికి వేరుగా డబ్బు అడిగి, దానివల్ల సంచి అక్కరలేదని చెప్పే చోటు అయితే, ఎమ్మారై ఫిల్ములు, కొలనోస్కోపీ రిపోర్టు, రేడియేషన్ మోతాదు రాసిన చీటీ తీసుకుని ఇంకొక సర్జన్‌కు చూపించండి.